చంద్రుడు కనపడని రాత్రి రాజు ఏం చెబుతాడు?

శ్రోతలకు నమస్కారం.

ఫాంటసీ కథలు రాసేవాళ్లకీ, ఆటల కోసం కొత్త లోకాలు కట్టుకునేవాళ్లకీ చంద్రుడంటే తెగ ఇష్టం. ఒక రాజ్యాన్ని ఊహించుకోగానే దానికో మతం కావాలి. మతం అనుకోగానే చంద్రుడు గుర్తొస్తాడు. తెల్లబట్టలు కట్టుకున్న పూజారిణులు, వెండి కిరీటాలు, కొండ మీద గుడి, పౌర్ణమి రాత్రి ఉత్సవం. బావుంటుంది, కాదనను. కానీ అలాంటి కథ ఎప్పుడు చదివినా నాకు ఒకటే ప్రశ్న. చంద్రుడు కనపడని రాత్రి ఆ రాజు జనానికి ఏం చెబుతాడు?

ఇవాళ్టి నా మాటలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే.

నలుగురు మనుషులు రాత్రిపూట ఆకాశంలోకి చూసి చంద్రుడికి దండం పెట్టుకోవడం వేరు. ఖజానా, సైన్యం, న్యాయస్థానం ఉన్న ఒక రాజ్యం చంద్రుణ్ణి తన దేవుడని ప్రకటించుకోవడం వేరు. రాజు ఎప్పుడూ ఒకటే కోరుకుంటాడు. నేను స్థిరంగా ఉన్నాను, రేపూ ఉంటాను అని జనం నమ్మాలి. సూర్యుణ్ణి దేవుడిగా పెట్టుకున్న రాజుకి ఆ విషయంలో బెంగ లేదు. పొద్దున్నే వస్తాడు, సాయంత్రం పోతాడు, మళ్లీ వస్తాడు, అదే బింబం. చంద్రుడు అలా కాదు. పెరుగుతాడు, తరుగుతాడు, నెలకోసారి రెండు మూడు రాత్రులు అసలు కనపడడు. పోనీ అది అలవాటైన సంగతే అనుకుందాం. గ్రహణం మాటేమిటి? చంద్రగ్రహణం వచ్చేది పౌర్ణమి నాడే. అంటే మీ కథలో జనమంతా ఉత్సవానికి గుడి దగ్గర చేరిన రాత్రే, అందరూ తలెత్తి చూస్తుండగానే, రాజ్యాన్ని కాపాడే దేవుడు అంచు నుంచి నల్లబడుతూ, చివరికి రాగిరంగుకు తిరుగుతాడు. అప్పుడు రాజు ఏం చెబుతాడు?

ఈ ప్రశ్నకి చరిత్రలో ఒక జవాబుంది. నాకు అత్యంత ఇష్టమైన జవాబు అది. కొంచెం తీరిగ్గా చెబుతాను.

ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, పాత మెసొపొటేమియాలో చంద్రుడు పెద్ద దేవుడు. సుమేరియన్లు నన్నా అన్నారు, తర్వాతి వాళ్లు సిన్ అన్నారు. ఉర్ నగరం ఆయనదే. ఆయన పేరు రాయడానికి 30 అనే అంకె వేసేవాళ్లు, నెలకి ముప్పై రోజులు గనక. నేను చెప్పబోయే సంగతి మాత్రం ఆ ప్రాంతపు ఉత్తర భాగంలోని అస్సిరియా రాజ్యానిది. రాజు ఎసర్హద్దోన్, క్రీస్తు పూర్వం 681 నుంచి 669 దాకా ఏలాడు. అస్సిరియా రాజ్యదేవుడు అషూర్. చంద్రుడు కాదు. అయినా సరే, చంద్రుడు చూపించే శకునం ముందు అంత పెద్ద చక్రవర్తీ వణికేవాడు.

ఆయన కొలువులో ఆకాశం చూసే పండితులు ఉండేవాళ్లు. చంద్రబింబాన్ని నాలుగు భాగాలుగా అనుకునేవాళ్లు. ఒక్కో భాగం ఒక్కో దేశానిది. అక్కాడ్, ఏలాం, అమూరు, సుబర్తు. గ్రహణం నీడ ఏ భాగాన్ని కప్పితే ఆ దేశపు రాజుకి ప్రాణగండం. ఒక్క మినహాయింపు ఉంది. గ్రహణం పట్టిన సమయానికి ఆకాశంలో గురుగ్రహం వెలుగుతూ ఉంటే రాజు క్షేమం. కనపడకపోతే?

కనపడకపోతే రాజు సింహాసనం దిగిపోతాడు. ఆయన స్థానంలో ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. మారురాజు. మామూలుగా ఖైదీనో, దిక్కులేనివాణ్ణో, పోయినా ఎవరూ అడగనివాణ్ణో వెతుకుతారు. అతనికి రాజు బట్టలు తొడుగుతారు, రాజు ఆయుధం ఇస్తారు, పక్కన ఒక కన్యను రాణిగా కూర్చోబెడతారు. అప్పటిదాకా ఆకాశం చూపిన, నేల చూపిన చెడు శకునాలన్నీ అతని ముందు చదువుతారు, ఆ గండాలన్నీ అతని నెత్తికి చుట్టుకునేట్టు. మరి అసలు రాజు? అసలు రాజుకి ఆ రోజుల్లో పేరు మారిపోతుంది. పండితులు ఆయనకి ఉత్తరం రాస్తూ 'నా ప్రభువైన రైతుకి' అని మొదలుపెట్టేవాళ్లు. ప్రపంచంలో సగం తనదే అనుకునే చక్రవర్తి, ఉత్తరం పైన రైతు! మృత్యువు రాజుని వెతుక్కుంటూ వస్తే రైతు కనపడాలి, అదీ ఏర్పాటు. ఈ స్థితి గరిష్ఠంగా 100 రోజులు సాగొచ్చు. గడువు తీరాక మారురాజు చనిపోతాడు. చనిపోతాడు అంటే చంపేస్తారు. పక్కన కూర్చున్న ఆ రాణిని కూడా. అప్పుడు అసలు రాజు తిరిగి రాజవుతాడు.

అలా వెళ్లిపోయినవాళ్లలో ఒకతని పేరు మనకి తెలుసు. దమ్కి. క్రీస్తు పూర్వం 671 ప్రాంతంలో అక్కాడ్ నగరంలో మారురాజుగా కూర్చున్నాడు. చిత్రమేమిటంటే దమ్కి ఖైదీ కాదు, దిక్కులేనివాడూ కాదు. ఆ నగరపు ఆలయ పాలనాధికారి కొడుకు. జోస్యం చెప్పే స్త్రీ ఒకామె అతనితో, రాజ్యం నీదవుతుంది అని అంది. రాజ్యం నిజంగానే అతని చేతికొచ్చింది. ఎలా వచ్చిందో విన్నారు కదా. దక్షిణాన ఉన్న బాబిలోనియాలో ఎసర్హద్దోన్ తరఫున పనిచూసే మార్ ఇస్సర్ అనే అధికారి ఆ తర్వాత రాజుకి రాసిన ఉత్తరం మట్టి పలక మీద ఇవాళ్టికీ ఉంది. మారురాజునీ అతని రాణినీ అలంకరించాం, సమాధి చేశాం, వాళ్ల కోసం ఏడ్చాం, చేయాల్సిన శాంతులన్నీ చేశాం అని రాశాడు. జనం భయపడ్డారు, మేం ధైర్యం చెప్పాం, కుదుటపడ్డారు అని రాశాడు. బాబిలోనియాలోని ఆలయ అధికారులు కూడా భయపడ్డారని విన్నాను అని రాశాడు.

ఆ చివరి సంగతి దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఆలయ అధికారులు ఎందుకు భయపడ్డారు? గ్రహణం చూసి కాదని నా అభిప్రాయం. గ్రహణాలు వాళ్లకి కొత్త కాదు. దమ్కి తమవాడు. తమ ఇళ్లలాంటి ఇంటి పిల్లవాడు. ఇవాళ చంద్రుడి పేరు చెప్పి అతణ్ణి తీసుకెళ్లారు, రేపు ఎవరి వంతు? శాంతి కోసం పుట్టిన ఆచారం ఒకణ్ణి అడ్డు తప్పించుకోవడానికీ పనికొస్తుందని వాళ్లకి ఆ రోజు అర్థమై ఉంటుంది.

ఇంకా పాత కథ ఒకటి ఉంది, రెండు ముక్కల్లో చెబుతాను. ఇసిన్ అనే నగరంలో ఎర్రా ఇమిత్తి అనే రాజు తన బదులు ఒక తోటమాలిని సింహాసనం మీద కూర్చోబెట్టాడు. తీరా చూస్తే అసలు రాజు వేడి వేడి జావ తాగుతూ చనిపోయాడు. తోటమాలి సింహాసనం దిగలేదు. ఎన్లిల్ బాని అనే పేరుతో 24 ఏళ్లు ఏలాడు. ఇది ఒక పాత రాజవంశాల చిట్టాలో ఉంది. ఎంతవరకు జరిగిందో, ఎంతవరకు అల్లుకున్నారో గానీ, అలా జరగొచ్చని ఆ కాలం జనం నమ్మారు. నాకది చాలు.

ఇప్పుడు మన ఊహాలోకానికి వద్దాం. మీ చంద్రమతంలో గుడి ఎంత ఎత్తుంది, పూజారిణి కళ్లు ఏ రంగులో ఉన్నాయి అన్నది తర్వాత. ముందు భయం ఎక్కడుందో చూడండి. భయం ఉన్నచోట రాజ్యం ఏదో ఒక ఏర్పాటు చేస్తుంది. ఏర్పాటు ఉన్నచోట దాన్ని నడిపే మనుషులుంటారు, దాన్ని వాడుకునేవాళ్లుంటారు, దానికి బలయ్యేవాళ్లుంటారు. మీ కథ ఆ మనుషుల్లో ఉంటుంది.

భయం తర్వాత చంద్రుడి చేతిలో ఉన్న రెండో ఆయుధం తేదీ. ఒక పున్నమి నుంచి ఇంకో పున్నమికి సుమారు 29న్నర రోజులు. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. ఋతువులు తిరిగి రావడానికి 365 రోజులు పైగా పడుతుంది. ఏడాదికి 11 రోజులు తరుగు. వదిలేస్తే కొన్నేళ్లకి కోతల పండుగ విత్తనాల కాలంలో వస్తుంది. అందుకే మూడేళ్లకి ఒకసారి లెక్కన ఒక అధికమాసం కలుపుతారు. ఎప్పుడు కలపాలి? ఎవరు చెప్పాలి? రాజ్యం ఉన్నచోట రాజే చెప్పాలి.

దీనికి బాబిలోన్ రాజు హమ్మురాబి రాసిన ఒక ఉత్తరం ఉంది, క్రీస్తు పూర్వం 18వ శతాబ్దంలోది. తన అధికారికి రాశాడు. ఈ ఏడాది ఒక నెల అదనంగా వస్తోంది, రాబోయే నెలని రెండో ఉలూలు అని రాసుకోండి అన్నాడు. అక్కడితో ఆగలేదు. ఉలూలు తర్వాత వచ్చే తష్రీతు నెల 25న బాబిలోన్‌కి చేరాల్సిన పన్ను రెండో ఉలూలు నెల 25నే చేరాలి అన్నాడు. అంటే చంద్రుడి కోసం నెల పెంచాం, పన్ను కట్టడానికి మాత్రం గడువు పెంచలేదు. ఎంత చిన్న ఉత్తరం, రాజ్యం గురించి ఎంత చెబుతోందో చూడండి.

ఇంతకంటే ముందు ఒక చిన్న పని ఉంది. నెల మొదలైందని చెప్పడం. ఆ కాలంలో సాయంత్రం పడమటి దిక్కున సన్నటి నెలవంక కనపడితేనే కొత్త నెల. 29వ రోజు సాయంత్రం కనపడితే ఆ నెల 29 రోజులతో ముగిసినట్టు. కనపడకపోతే ఇంకో రోజు, 30. అస్సిరియా రాజుకి పండితులు రాసిన నివేదికల్లో ఇవి బోలెడున్నాయి. చూశాం, కనపడింది. చూశాం, మబ్బు పట్టింది, కనపడలేదు. ఇలా, నాలుగు ముక్కల్లో. చక్రవర్తి కొలువులో ప్రతి నెలా ఈ టెన్షన్ ఉండేది.

రచయితలకి ఇక్కడే ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పుతారు. అర్ధరాత్రి, నడినెత్తిన, సన్నటి నెలవంక అని రాస్తారు. అది జరగదు. పెరిగే నెలవంక సూర్యుడు కుంగాక పడమట కాసేపు కనపడి తనూ కుంగిపోతుంది. తరిగే నెలవంక తెల్లవారుజామున తూర్పున కనపడుతుంది. పూర్ణచంద్రుడు మాత్రమే సూర్యుడు కుంగేటప్పుడు లేచి రాత్రంతా ఉంటాడు. పైగా చంద్రోదయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అంటే మీ గుడిలో చంద్రోదయానికి పూజ అని పెట్టారనుకోండి, ఆ పూజ ఒక వారం రాత్రి మొదటి జాములో, ఇంకో వారం తెల్లవారుజామున, ఇంకో వారం పట్టపగలు వస్తుంది. పూజారిణులు ఎప్పుడు నిద్రపోతారు? గుడి మెట్ల కింద దీపాలమ్మేవాడి బేరం ఎలా నడుస్తుంది? ఇలాంటివి ఆలోచిస్తే మతం దానంతటదే మనుషుల్లోకి దిగుతుంది. కొందరు ఆకాశంలో రెండు చంద్రుళ్లని పెడతారు. ఒక చంద్రుడి లెక్క కుదిరేదాకా రెండోవాణ్ణి పిలవకండి అని నా సలహా.

చంద్రుణ్ణే రాజ్యంలో అందరికంటే పైకి ఎత్తాలనుకున్న రాజు కూడా ఒకాయన ఉన్నాడు. బాబిలోన్ చివరి రాజు నబొనిడస్. తల్లి హర్రాన్ నగరంలోని చంద్రాలయానికి మహాభక్తురాలు. కొడుకు ఆ గుడిని తిరిగి కట్టించాడు, ఉర్‌లో తన కూతురినే చంద్రుడికి ప్రధాన పూజారిణిగా సమర్పించాడు. అది కూడా క్రీస్తు పూర్వం 554లో ఒక చంద్రగ్రహణం చూసి, దేవుడు పూజారిణిని కోరుతున్నాడని అర్థం చెప్పుకుని. తర్వాత పదేళ్లు అరేబియాలోని తైమాలో ఉండిపోయాడు. రాజు లేనందువల్ల బాబిలోన్‌లో కొత్త సంవత్సరపు పండుగ ఆగిపోయింది. అక్కడి పెద్ద దేవుడు మర్దుక్, ఆ పండుగ ఆయనది. 539లో పర్షియా రాజు సైరస్ నగరంలోకి వచ్చి, మర్దుక్కే నన్ను పిలిచాడు అని రాయించుకున్నాడు. గెలిచినవాడి రాతలని పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ పై నుంచి దిగిన దేవుడికీ కింద జనం చేసుకునే పండుగకీ పోటీ పెడితే ఏమవుతుందో మీ కథకి కావాలంటే ఇదొక్కటి చాలు.

సమయం అయిపోవస్తోంది కాబట్టి పనికొచ్చే ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. మీ చంద్రరాజ్యానికి మ్యాప్ గీసే ముందు ఒక ఏడాది క్యాలెండర్ గీయండి. ఒక నెల 30, ఒక నెల 29, అలా పన్నెండు. ఋతువులు ఎక్కడ వెనకబడుతున్నాయో గుర్తు పెట్టండి. అధికమాసం ఏ ఏడు కలుపుతారో నిర్ణయించండి. ఆ తర్వాత ముగ్గురి గురించి రాయండి. ఆ నెలంతా అదనంగా జైల్లో ఉండే ఖైదీ. ఆ నెల జీతం వస్తుందో రాదో తెలియని సైనికుడు. అప్పు వాయిదా మీద వడ్డీ పెరిగిన రైతు. ఆ ముగ్గురూ కలిసి గుడికొచ్చి, ఈ నెల కలపమని చెప్పిందెవరు అని అడిగితే, ప్రధాన పూజారిణి ఇచ్చే జవాబుతో మీ మొదటి అధ్యాయం మొదలుపెట్టండి.

నమస్కారం.