పెంచలకోన ఏటి వెంబడి

నమస్కారమండీ. నెల్లూరు జిల్లాలో పెంచలయ్యో పెంచలమ్మో లేని ఊరు చూపించమంటే కష్టమే. ఆ పేర్లకి మూలమైన పెంచలకోనకి మనలో చాలామంది చిన్నప్పుడే వెళ్లుంటాం, పుట్టెంట్రుకలకో, మొక్కు తీర్చడానికో, శనివారం రాత్రి గుళ్లో నిద్ర చేయడానికో. నరసింహస్వామి దర్శనం, ఆదిలక్ష్మమ్మ దర్శనం, కొబ్బరికాయ, పులిహోర, ఆ పులిహోరని కోతుల నుంచి కాపాడుకోవడం, అంతే, బస్సెక్కేస్తాం. గుడి వెనక కొండల్లోంచి దిగే ఏటి వెంబడి పోతే జలపాతం ఉందని విని కూడా, "అబ్బో, ఇప్పుడు కొండెక్కాలా" అని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. నేను చెప్పబోయేది ఆ నడక గురించే. నిజానికి దాన్ని కొండెక్కడం అనక్కర్లేదు.

నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు మీదుగా వెళ్తే దాదాపు 80 కిలోమీటర్లు. రాపూరు దాటాక వెలిగొండలు దగ్గరకొస్తాయి. అసలు సంగతి ఎట్టా వెళ్లాలనేది కాదు, ఎప్పుడు వెళ్లాలనేది. రాష్ట్రంలో మిగతా జలపాతాలు ఆగస్టులో దూకుతుంటాయి కదా, అవి ఫోన్లో చూసి మనవాళ్లు కూడా ఆగస్టులోనే బయల్దేరతారు, తీరా వచ్చి చూస్తే బండ మీద సన్నటి ధార, దానికింద ఫొటోల కోసం క్యూ. మన జిల్లాకి వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలది, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేది. కాబట్టి కార్తీకం వానలు తగ్గి, తుఫాను గొడవలు సద్దుమణిగాక, డిసెంబరు ఆఖర్లోనో సంక్రాంతి సెలవుల్లోనో వెళ్లండి. ఏట్లో నీళ్లు తేటపడి ఉంటాయి, ఎండ కూడా అంతగా ఉండదు.

మొదట్లో దారి ఇంచుమించు చదునే. పక్కనే ఏరు, ఒకచోట చప్పుడు చేస్తూ, ఇంకోచోట ఇసుకలోకి ఇంకిపోయినట్టు కనిపించి మళ్లీ నాలుగడుగుల అవతల తేలుతూ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బండలు పెద్దవవుతాయి, అక్కడక్కడా చేతులు కూడా ఆనించాల్సొస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అక్కడిదాకా వచ్చి నీడలో కూర్చున్నా దిగులేం లేదు, నన్నడిగితే ఈ నడకలో అందమంతా జలపాతం కంటే ముందే ఉంది.

దారిలో చెట్ల మొదళ్లు చూస్తూ నడవండి. నల్లటి బెరడు నిలువుగా అడ్డంగా పగిలి, మొసలి చర్మంలాగా కనిపిస్తే అది ఎర్రచందనం. పేపర్లో రోజూ చదివే చెట్టే. ఎదురుగా నిలబడితే మాత్రం ఎక్కడా ఎరుపు కనపడదు, ఎరుపంతా లోపలి చేవలోనే. ఆకుకి మామూలుగా మూడేసి రెక్కలు, కాయ గుండ్రంగా పల్చగా, నడిమధ్య ఉబ్బెత్తుగా విత్తనం, చుట్టూ రెక్కలాంటి అంచు. ఈ చెట్టుకి సొంత ఊరు మన తూర్పు కనుమల దక్షిణపు కొసే. ఎండుపుల్ల కూడా జేబులో వేసుకోబాకండి, ఇది పెనుశిల నరసింహ అభయారణ్యం, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. లోపలికి పోయే ముందు అటవీశాఖ వాళ్లని ఒక మాట అడగడం మర్యాద కూడా, క్షేమం కూడా.

ఈ కోన నీళ్లు కండలేటివి. కండలేరు అనగానే మనకి డ్యామే గుర్తొస్తుంది, 68 టీఎంసీల జలాశయం, అక్కడి నుంచి తమిళనాడులోని పూండి జలాశయం దాకా 152 కిలోమీటర్ల కాలువ, 1983 నాటి తెలుగుగంగ ఒప్పందం, మద్రాసు వాళ్ల మంచినీళ్లు. ఆ జలాశయంలో నిండేది ఎక్కువగా శ్రీశైలం నుంచి సోమశిల మీదుగా వచ్చే నీళ్లు, ఈ ఏటి వాటా కొంచెమే. అయినా పేరు మాత్రం ఏటిదే నిలిచింది! ఇంకా కిందికి పోతే ఇదే కండలేరు ఉప్పుటేరై, కృష్ణపట్నం దగ్గర ఓడలకి చోటిచ్చి సముద్రంలో కలుస్తుంది. ఒకే జిల్లాలో పుట్టి, అదే జిల్లాలో సముద్రాన్ని చేరే ఏటిని ఇంత చిన్నదిగా, చెంబుతో ముంచుకునేంత దగ్గరగా చూడటం నాకైతే భలే అనిపిస్తుంది.

ఇక జాగ్రత్తలు. తడిబండ మీద పాచి కంటికి కనపడదు, హవాయి చెప్పులతో మాత్రం వెళ్లొద్దు. జలపాతం కింద గుండంలోకి పైనుంచి దూకడాలు వద్దే వద్దు, నీళ్లు తేటగా ఉన్నప్పుడు లోతు తక్కువనిపిస్తుంది, మోసపోతారు. అక్కడ కొబ్బరికాయలమ్మే పెద్దాయన ఒకాయన నాతో అన్నమాట: "కొండ మీద మబ్బు నల్లబడిందంటే, ఇక్కడ ఎండగా ఉన్నా సరే, ఏట్లో నిలబడబాకండి సామీ." పైన కురిసిన వాన కిందికొచ్చేసరికి మనకి పరిగెత్తే టైము కూడా ఉండదు. అందుకని తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో దర్శనంతో సరిపెట్టుకోండి.

ఇంకోటి, కొండలు పడమటి వైపున్నాయి కాబట్టి కోనలో పొద్దు మనూళ్లో కంటే ముందే వాలుతుంది. మధ్యాహ్నం మూడున్నరకల్లా వెనక్కి తిరగండి. బస్సులో వచ్చేవాళ్లయితే గుడి దగ్గర దిగేటప్పుడే తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టర్ని అడిగి పెట్టుకోండి. ఉంటానండీ.