తీసేసిన మొదటి రంగం

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, నన్ను పిలిచిన నాటక సమాజం పిల్లలకి కృతజ్ఞతలు. నాకిచ్చిన అంశం ‘రోమియో అండ్ జూలియట్‌లో ప్రేమ, ద్వేషం’. మేడ మీద జూలియట్, కింద తోటలో రోమియో, ఆ రంగం మీ అందరికీ తెలుసు. నేను వాళ్ల రెండు కుటుంబాల మధ్య పగ గురించే మాట్లాడతాను. నలభై ఏళ్లుగా మాట్లాడాలనుకుంటున్న విషయం ఇది.

కాలేజీలో ఉండగా ఈ నాటకంలో నాకు శాంసన్ వేషం ఇచ్చారు. జూలియట్ వాళ్ల కుటుంబం, అంటే క్యాపులెట్ల ఇంటి నౌకరు. నాటకం తెర లేచేదే అతనితో, తోటి నౌకరు గ్రెగరీతో. రెండు నెలలు రిహార్సల్ చేశాం. ప్రదర్శన రోజున రంగు పూసుకుని, చెక్క కత్తి పట్టుకుని నిలబడ్డాక దర్శకుడు వచ్చి, "టైము చాలదు, మీ రంగం తీసేస్తున్నా, విందు నుంచి మొదలెడదాం" అన్నారు.

పక్కతెర వెనక నుంచే నాటకమంతా చూశాను. క్యాపులెట్ల మేనల్లుడు టైబాల్ట్ చేతిలో రోమియో స్నేహితుడు మెర్క్యూషియో పడిపోయినప్పుడు ముందు వరుసలో ఒకావిడ పక్కావిణ్ణి అడిగింది: "ఎందుకమ్మా వీళ్లు చంపుకుంటున్నారు?" ఆ ప్రశ్నకి జవాబు నా రంగంలో ఉందండీ! వేషం పోయిందన్న బాధ వారంలో తగ్గింది. ఆవిడకి జవాబు అందలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ రంగంలో ఏముంది? రోమియో వాళ్ల కుటుంబం మాంటెగ్యూలు; వాళ్ల కుక్కని చూసినా ఒళ్లు మండుతుందంటాడు శాంసన్. తగాదా యజమానులది, వాళ్ల మనుషులం కనక మనదీ, అన్న లెక్క ఇద్దరిదీను. అవతలి నౌకర్లు ఎదురవగానే శాంసన్ బొటనవేలు కొరుకుతాడు. వాళ్లలో అది పెద్ద అవమానం. "మమ్మల్ని చూసేనా?" అని నిలదీస్తే, అవునంటే చట్టం మన వైపుంటుందా అని గ్రెగరీని గుసగుసగా అడుగుతాడు. ఉండదనగానే, మిమ్మల్ని చూసి కాదు, ఊరికే కొరుక్కుంటున్నానంటాడు. చూశారా, ఆ మనిషికి సొంత పగంటూ ఏదీ లేదు.

అసలు పగ ఎవరిది? జూలియట్ తండ్రి క్యాపులెట్ పెద్దాయన కత్తి తెమ్మని కేకేస్తే భార్య "ఊతకర్ర అడగండి" అంటుంది. మా వయసులో శాంతిగా ఉండడం కష్టం కాదని తర్వాతి రంగంలో ఆయనే అంటాడు. విందులో రోమియో జోలికి పోవద్దని టైబాల్ట్‌ని కసిరిందీ ఆయనే. పెద్దవాళ్లు అలిసిపోయారండీ. నౌకర్లు, మేనల్లుళ్లు అలవలేదు. తగాదా ఎందుకు పుట్టిందో నాటకం మొత్తంలో ఎక్కడా లేదు. ప్రారంభంలోని 14 పాదాల పద్యంలో పాత పగ అన్న మాట ఉంది, అంతే.

ప్రేమ గురించి ఒక్క మాట చెప్పాలి. రోమియో పగవాళ్ల కొడుకని తెలిశాక జూలియట్, నా ఒక్క ప్రేమా నా ఒక్క పగలోంచే పుట్టిందే అంటుంది. ‘నా’ పగట! పద్నాలుగేళ్లు నిండని పిల్ల, ఎవరితోనూ పోట్లాడి ఎరగదు. శాంసన్‌కి అంటుకున్నదే ఆ పిల్లకీ అంటుకుంది. 1562లో ఆర్థర్ బ్రూక్ రాసిన కావ్యంలో నెలల తరబడి నడిచిన ఈ కథని షేక్‌స్పియర్ ఆదివారం పొద్దున కొట్లాటతో మొదలెట్టి గురువారం రాత్రి సమాధిలోకి దింపాడు.

ఇంకా చెప్పాలని ఉంది, కానీ తెర వెనక పిల్లలు వేచి ఉన్నారు. ఇవాళ మొదటి రంగం ఉందని మాట తీసుకున్నాకే వచ్చాను. శాంసన్ ఎవరు బాబూ? బొటనవేలు కొరికేటప్పుడు తొందరపడకు. చట్టం సంగతి అడిగేటప్పుడు గ్రెగరీ కళ్లలోకి చూడు.