డాక్టరు దగ్గర గంజాయి సంగతి దాచకండి

కాలేజీ లెక్చరర్లకు, తల్లిదండ్రులకు నమస్కారం.

మనోవైద్యుడిగా నేను తరచూ చూసే కుర్రాడి గురించి చెబుతాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఫోను కెమెరాకు ప్లాస్టరు ముక్క అంటించుకుంటాడు. అన్నం కలిపి పెడితే ముందు అమ్మను ఒక ముద్ద తినమంటాడు. ‘బ్యాక్‌లాగుల దిగులు సార్’ అంటాడు తండ్రి. అప్పటికే దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. గంజాయి సంగతి చెల్లెలికి తెలుసు. కానీ ఆ మాట ఎవరూ నోరు విప్పి చెప్పరు.

‘ఆకే కదా, సాధువులు తాగడం లేదా’ అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. స్వీడన్‌లో సైనిక శిక్షణకు పిలిచిన 45 వేల మందికి పైగా యువకులను పదిహేనేళ్లు గమనించి, 1987లో ఫలితాలు ప్రచురించారు. పద్దెనిమిదేళ్లకే యాభైసార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రెనియా, అంటే లేనిపోని అనుమానాలు, భ్రమలు పుట్టించే తీవ్రమైన మానసిక జబ్బు, తాగనివారికంటే ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా తగ్గింది కానీ, పోలేదు. తాగిన ప్రతివాడికీ మతి చలించదు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉంటే ముప్పు ఎక్కువ. చిన్న వయసులో మొదలుపెడితే మరీ ఎక్కువ. మంచిచెడ్డలు తూచి చూసే మెదడు ముందుభాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది మరి.

జేబులో సిగరెట్లు మాత్రమే వెతికితే లాభం లేదు. హైదరాబాద్ పరిసరాల్లో గంజాయి చాక్లెట్లు పట్టుబడుతున్నాయి. తింటే మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది. ఏమీ కాలేదనుకుని పిల్లవాడు రెండోది నోట్లో వేసుకుంటాడు.

ఈ సంగతి మాకెందుకంటే, వైద్యం దాన్నిబట్టే నడుస్తుంది. గంజాయి మానేశాక కొన్ని వారాల్లో అనుమానాలు సర్దుకుంటే ఒక దారి, సర్దుకోకపోతే ఇంకో దారి. లోపల మందులు, బయట గంజాయి సాగుతుంటే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

దాచడానికి కారణం పోలీసు కేసు భయం. కానీ మత్తుమందుల కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకు అలవాటుపడి, వాడినందుకో కొద్ది పరిమాణంతో దొరికినందుకో కేసు పడినా, తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స చేయించుకుంటే ఆ నేరానికి విచారణ ఉండదు. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. కాలేజీ గోడల మీద జైలు శిక్షల పోస్టర్లు బోలెడు చూశాను, ఈ సెక్షన్ గురించి ఒక్కటీ చూడలేదు. ప్రిన్సిపాళ్లు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ఒకటి అంటించండి. దాని కింద రెండు నంబర్లు వేయండి. అలవాటు మాన్పించే సాయానికి 14446, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.