పానగల్ గుడి గేటు దగ్గర స్టూడెంట్ ప్రాజెక్టు: టూరిజం విద్యార్థులకు, వాళ్ల ప్రాజెక్టు గైడ్లకు (లెక్చరర్లకు)

[తెరపై: పానగల్, ఛాయా సోమేశ్వరాలయం. లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ. తర్వాత గేటు బయట ఆగిన ఆటోలు, బైకులు.]

వ్యాఖ్యానం:
"నల్లగొండ జిల్లాలో పర్యాటక అభివృద్ధి: ఒక పరిశీలన." టూరిజం, హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు గైడ్ దగ్గరికి తెచ్చే టైటిళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. దీంతో ప్రాజెక్టు నడవదు. నాగార్జునసాగర్‌కు గేట్లెత్తినప్పుడు వచ్చే జనం వేరు, బుద్ధవనం చూసేవాళ్లు వేరు, దేవరకొండ కోట ఎక్కేవాళ్లు వేరు. ఒక్క సెమిస్టర్లో నలుగురు పిల్లలు ఇవన్నీ కొలవలేరు. కొలవలేనప్పుడు చివరికి మిగిలేది ఎక్కడి నుంచో ఎత్తి రాసిన చరిత్ర.

ఊరి పేరు టాపిక్ కాదు. లెక్కకు దొరికే ప్రశ్నే టాపిక్. ఇలా అడగండి: "పానగల్ గుళ్లు చూడ్డానికి బయటి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఎంతసేపు ఉంటున్నారు? నల్లగొండ పట్నంలో ఏమైనా ఖర్చు పెడుతున్నారా, నేరుగా వెళ్లిపోతున్నారా?" పట్నానికి ఆనుకునే ఛాయా సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్న పచ్చల సోమేశ్వరాలయం, ఉదయ సముద్రం చెరువు ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఊళ్లో హోటళ్లకు దాని ఫలితం అందుతోందా లేదా అన్నది నిజంగా తెలుసుకోవలసిన విషయం. కాబట్టి ఈ వీడియో అంతా దీన్నే పట్టుకుని నడుద్దాం.

[తెరపై: ఒకే పేజీ సినాప్సిస్. ప్రశ్న కింద గీత.]

గైడ్ దగ్గరికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఒక్క పేజీ చాలు. ప్రశ్న, ఎవరిని అడుగుతారు, ఎక్కడ నిలబడి అడుగుతారు, ఏ రోజుల్లో. ఈ నాలుగూ లేకుండా "టాపిక్ చెప్పండి సార్" అని వెళ్తే గైడ్ తన పాత ప్రాజెక్టుల్లోంచి ఒకటి తీసి ఇస్తారు, అది మీది కాదు. గైడ్లకు కూడా ఒక మాట: మొదటి రెండు వారాల్లో మీ పని ప్రశ్నను కోసి చిన్నది చేయడం. ఫీల్డ్ పని అయిపోయాక దిద్దడానికి పెద్దగా ఏమీ మిగలదు. తప్పుగా తెచ్చిన డేటాను ఏ సాఫ్ట్‌వేరూ బాగు చేయదు.

డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో అనుమతి లేఖ ముందే తీసుకోండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో చేస్తే కేంద్ర పురావస్తు శాఖ, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అయితే అటవీ శాఖ అనుమతి కూడా అడగాలి. నాగార్జునసాగర్ డ్యాము దగ్గర ఫొటోలకు ఆంక్షలుంటాయి, అడగకుండా కెమెరా తీయొద్దు.

[తెరపై: గుడి దగ్గర ముగ్గురు: నల్లగొండలోనే ఉండే భక్తురాలు, హైదరాబాద్ నుంచి కారులో వచ్చిన కుటుంబం, లాడ్జిలో దిగిన జంట.]

ఇక పర్యాటకుడు ఎవరు? ప్రపంచమంతా గణాంకాల్లో పాటించే నిర్వచనం ఇది: తన రోజువారీ పరిసరాలు దాటి వచ్చి, కనీసం ఒక రాత్రి బస చేసి, ఏడాదిలోపు తిరిగి వెళ్లేవారు. ఇక్కడ ఉద్యోగంలో చేరడానికి వచ్చినవారు కాదు. రాత్రి ఉండకుండా ఆ రోజే వెళ్లిపోతే ఒక్క రోజు సందర్శకులు. పొద్దున్నే దీపం పెట్టడానికి పట్నం నుంచి వచ్చిన ఆవిడ ఈ రెండింటిలోనూ లేరు. ఈ తేడా చూడకుండా అందరినీ కలిపేస్తే "పర్యాటకుల సగటు ఖర్చు పది రూపాయలు" అని వస్తుంది. అవి ఆవిడ కొబ్బరికాయ డబ్బులు. అందుకే ఫారంలో మొదటి రెండు ప్రశ్నలు ఇవే ఉండాలి: ఏ ఊరి నుంచి వచ్చారు? ఈ రాత్రి ఎక్కడ ఉంటారు? స్థానికులైతే దండం పెట్టి, లెక్కలో ఒక గీత గీసి, అక్కడితో ఆపేయండి.

[తెరపై: ప్రశ్నావళి. రెండు ప్రశ్నల మీద ఎర్ర గుర్తు.]

"మంచినీళ్లు, మరుగుదొడ్లు బాగున్నాయా?" ఇది ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. నీళ్లు ఉండి, మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే మనిషి ఏం చెప్పాలి? విడగొట్టండి. "ఎంత ఖర్చు పెట్టారు?" అని ఒక్కసారిగా అడిగినా సరిగ్గా చెప్పలేరు. ఆటో లేదా పెట్రోలు, పూలు కొబ్బరికాయ, టిఫిను భోజనం, గది, కొన్న వస్తువులు అని విడివిడిగా అడిగితే గుర్తుకొస్తాయి. ప్రతిదానికీ ఎక్కడ పెట్టారన్నది కూడా రాయాలి. హైదరాబాద్‌లో కొట్టించిన పెట్రోలు నల్లగొండకు ఆదాయం కాదు కదా.

కుటుంబానికి ఒకే ఫారం. భర్తను ఒకరు, భార్యను ఇంకొకరు అడిగితే అదే హోటల్ బిల్లు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎంతమంది వచ్చారో రాసుకుంటే తలసరి తర్వాత తీయొచ్చు. అడిగేది లోపలికి వెళ్లేటప్పుడు కాదు, బయటికి వచ్చేటప్పుడు. లోపలికి వెళ్లేవాళ్లకు ఎంతసేపు ఉంటారో వాళ్లకే తెలియదు.

క్యూఆర్ కోడ్ అంటించి గూగుల్ ఫారం పెడితే శ్రమ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. నింపేది ఎవరు? స్మార్ట్‌ఫోన్ చేతిలో ఉన్న కుర్రవాళ్లు. పెద్దవాళ్లు, చదువు తక్కువున్నవాళ్లు లెక్కలోనే ఉండరు. కాగితం, అట్ట, పెన్ను పట్టుకుని నిలబడి, తెలుగులో అడిగి మీరే రాసుకోండి. అవసరమైతే ఉర్దూ, హిందీలో అడగగలిగిన తోటి విద్యార్థి పక్కన ఉండాలి. ముందు ఇరవై మందిపై పైలట్, అంటే ట్రయల్, చేయండి. ఎక్కడ మనిషి "ఏంటమ్మా?" అని మళ్లీ అడిగాడో ఆ ప్రశ్న మార్చాలి. పైలట్ ఫారాలు అసలు లెక్కలో కలపకూడదు.

[తెరపై: గేటు, బయటికి వస్తున్న గుంపులు. ఐదో గుంపు మీద గుర్తు.]

ఎవరిని అడగాలి? మీకు నచ్చినవాళ్లను కాదు. స్టూడెంట్లు తెలియకుండానే తమ వయసువాళ్ల దగ్గరికే వెళ్తారు. రిపోర్టులో "సందర్శకుల్లో ఎక్కువమంది యువకులు" అని వస్తే అది గుడి గురించి కాదు, అడిగినవాళ్ల మొహమాటం గురించి. బయటికొచ్చే ప్రతి ఐదో గుంపునే ఆపాలి. కాదంటే ఆ గుంపు ఎంతమందో రాసుకుని, మళ్లీ ఐదో గుంపు కోసం ఆగాలి. ఎన్ని కాదన్నారో కూడా రిపోర్టులో చెప్పాలి. మాట్లాడే ముందు కాలేజీ, పని చెప్పి ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. పేర్లు, ఫోన్ నంబర్లు అడగొద్దు.

ఎన్ని ఫారాలు? రిపోర్టుల్లో ఒక ఫార్ములా అతికిస్తారు: మొత్తం పదివేల మంది అయితే, అటూ ఇటూ 5 శాతం తేడాతో చెప్పడానికి 385 ఫారాలు. కానీ ఆ పదివేలు ఎవరు లెక్కపెట్టారు? నిజంగా చేతికందే లెక్క వేరు. ఒక్కో ఫారానికి ఏడు నిమిషాలు, మధ్యలో ఎదురుచూపు. గంటకు నాలుగు దాటవు. ఇద్దరు, మూడు గంటలు, ఎనిమిది పూటలు: 192 ఫారాలు. పద్ధతిగా ఎంచుకుంటే శాతాల్లో అటూ ఇటూ సుమారు 7 తేడాతో చెప్పొచ్చు, అది డిగ్రీ ప్రాజెక్టుకు నిజాయితీ గల లెక్క. ఆ 7 మాట దాచకండి.

[తెరపై: నల్లబల్ల మీద రెండు వరుసలు: ఆదివారం, మంగళవారం.]

ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి, ఎక్కువ ప్రాజెక్టులు చెడేది ఇక్కడే. సెలవు కాబట్టి అందరూ ఆదివారమే వెళ్తారు. కనీసం రెండు ఆదివారాలు, రెండు మామూలు రోజులు, శివాలయం కాబట్టి రెండు సోమవారాలు వెళ్లాలి. కార్తీక సోమవారం వస్తే దాన్ని విడిగా ఉంచండి, అది గుడికి మామూలు రోజు కాదు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఆదివారం 600 గుంపులు వచ్చాయి, మంగళవారం 60. రెండు రోజులూ 50 ఫారాలే నింపారు. ఆదివారం గుంపుకు సగటు ఖర్చు 80 రూపాయలు, మంగళవారం 200. రెండూ కూడి సగం చేస్తే 140. కానీ ఆదివారం వచ్చినవాళ్లు పదింతలు. 600 గుణించు 80, 48,000. 60 గుణించు 200, 12,000. మొత్తం 60,000ను 660తో భాగిస్తే 91. ఒకే డేటా, 140 ఎక్కడ, 91 ఎక్కడ! ఇలా బరువు వేయాలంటే ఏ రోజు ఎన్ని గుంపులు వచ్చాయో తెలియాలి. అందుకే ఫారం నింపేవాళ్లు కాక మూడో స్టూడెంటు గేటు దగ్గర లెక్కపెడుతూ ఉండాలి: ప్రతి గంటలో 15 నిమిషాలు బయటికొచ్చే గుంపులు లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. నీళ్ల కోసం బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లేవాళ్లను వదిలేయండి.

[తెరపై: ఎక్సెల్ షీటు. ఒక గడిలో 0, పక్క గడి ఖాళీ.]

డేటా ఎక్కించేటప్పుడు ఖాళీ వేరు, సున్నా వేరు. "ఏమీ పెట్టలేదు" అంటే 0. జవాబు రాకపోతే గడి ఖాళీగానే ఉండాలి. ఖాళీలను సున్నాలుగా నింపితే సగటు పడిపోతుంది. ఒక కుటుంబం లాడ్జిలో దిగి 3,000 పెడితే సగటు అమాంతం పైకి పోతుంది, అందుకే ఖర్చు దగ్గర మధ్యస్థం (అన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమి అంకె) కూడా ఇవ్వండి.

క్రాన్‌బాక్ ఆల్ఫా, అంటే ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె, 0.7 దాటాలని అందరికీ తెలుసు. కానీ దాన్ని వయసు, ఊరు, ఖర్చు అన్నీ కలిపి వేస్తారు. అది ఒకే విషయాన్ని కొలిచే ప్రశ్నలకే, ఉదాహరణకు సౌకర్యాల తృప్తి గురించిన ఆరు ప్రశ్నలకే వర్తిస్తుంది. కై-స్క్వేర్‌లో (రెండు విషయాలకు సంబంధం ఉందా అని చూసే పరీక్ష) అంచనా సంఖ్య 5కన్నా తక్కువ వచ్చే గడులుంటే పక్కపక్క వర్గాలను కలపండి.

[తెరపై: హోటల్ వంటగది, కాటా మీద బకెట్.]

హోటల్ వైపు చేసేవాళ్లకు క్లుప్తంగా. 65వ నంబరు జాతీయ రహదారి మీద తినుబండారాల చోట్లకు కొదవ లేదు, ఆహార వృథా మంచి ప్రశ్న. వరుసగా ఏడు రోజులు, మూడు బకెట్లు: కూరగాయల తొక్కలు, వండి మిగిలినది, ప్లేట్లలో వదిలినది. ఖాళీ బకెట్ బరువు ముందే తీసివేయాలి, టిష్యూ కాగితాలు ఏరేయాలి, చేతులు కడిగిన నీళ్లు అందులో పోయనివ్వకూడదు. వచ్చిన గ్రాములను ఆ పూట తిన్నవారి సంఖ్యతో భాగించండి. యజమానికి పేరు రాయబోమని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

[తెరపై: నంబర్లు వేసిన ఫారాల కట్ట.]

కాపీ విషయంలో యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. ఆ 10 శాతం నింపడానికి కాదు. గుడి చరిత్రకు రెండు పేజీలు చాలు, మీరు నిలబడి రాసుకున్న లెక్కకు ఇరవై ఇవ్వండి. వైవాకు అసలు ఫారాలన్నీ నంబర్లు వేసి పట్టుకెళ్లండి. పరీక్షకులు "117 చూపించు" అంటే ఎక్సెల్‌లో 117వ వరుస, కాగితం ఒకటే చెప్పాలి.