పెద్దలు తెచ్చే బిస్కెట్లు

అందరికీ నమస్కారం. ముందు ఈ డబ్బా వెనక వరుస దాకా పంపించండి. తలా ఒకటి తీసుకోండి, కానీ వెంటనే నోట్లో వేసుకోకండి. ఒక్కసారి పైపూత చూడండి. నల్లగా నిగనిగలాడుతోంది కదా? మధ్యలో పచ్చగా ఉన్నవి పిస్తా పలుకులు. ఇప్పుడు కొరకండి. పైన చాక్లెట్ టప్పున విరుగుతుంది, లోపలంతా మెత్తగా ఉంటుంది. దాల్చినచెక్క, లవంగం ముందు తెలుస్తాయి. నారింజ తొక్క చేదు ఆఖర్న తగులుతుంది.

దీని పేరు రామె ది నాపొలి. రామె అంటే రాగి, నాపొలి అంటే ఇటలీలోని నేపుల్స్ నగరం. పేరు నేపుల్స్‌దే గానీ ఊరు మాత్రం కటానియా, సిసిలీ ద్వీపంలో ఎట్నా అగ్నిపర్వతం పాదాల దగ్గర ఉంటుంది. మావారి ఉద్యోగం మూలంగా మేం అక్కడ మూడేళ్లు ఉన్నాం. మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేవారు. వీధిలో పిల్లలందరూ ఆవిణ్ణి నోన్నా అనేవాళ్లు, అంటే అమ్మమ్మ. నేనూ అలాగే పిలిచాను. ఈ బిస్కెట్ నాకు నేర్పింది ఆవిడే.

పేరు వెనక ఒక కథ చెప్పుకుంటారు. 1816లో నేపుల్స్, సిసిలీ రెండూ కలిసి ఒకే రాజ్యమయ్యాయి. ఆ రోజుల్లో వెండి, బంగారం నాణేల స్థానంలో రాగి నాణెం వచ్చిందట. దాని గుర్తుగా ఈ బిస్కెట్‌కి ఆ పేరు పెట్టారట. నేపుల్స్ నుంచి వచ్చిన ఒక మిఠాయి పనివాడి వల్ల ఆ పేరొచ్చిందని ఇంకో కథ. నాకు మాత్రం నాణెం కథే నచ్చింది. ఎందుకంటే ఈ బిస్కెట్ కూడా తక్కువ ఖర్చులో పుట్టిందే. మిఠాయి దుకాణాల్లో మిగిలిపోయిన బిస్కెట్లు, కేకు ముక్కలు పారేయకుండా పొడి చేసి, కోకో, మసాలా దినుసులు కలిపి మళ్లీ కాల్చేవారని చెబుతారు. విరిగిన ముక్కల్ని మళ్లీ పండగ వంట చేశారన్నమాట.

ఆ పండగ నవంబరు 2న వస్తుంది. కాథలిక్కులు చనిపోయినవాళ్లను తలుచుకునే రోజు. మనకు పెత్రమాస లాంటిదని మొదట అనుకున్నాను. మనం ఆ రోజు పెద్దలకు తర్పణం వదులుతాం, బియ్యమిస్తాం. కోస్తాలో సంక్రాంతికి కొత్త బట్టలు పెట్టుకుంటాం. అంటే మనం పెద్దలకు పెడతాం. సిసిలీలో అది తిరగబడింది. అక్కడ పెద్దలే వచ్చి పిల్లలకు పెడతారు. నవంబరు 1 రాత్రి పిల్లలు పడుకున్నాక, పోయిన తాతయ్యలు, నాయనమ్మలు ఇంటికొచ్చి బొమ్మలు, మిఠాయిలు దాచి వెళ్తారు. పొద్దున్నే లేచి మంచాల కింద, బీరువాల్లో వెతుక్కోవాలి. ఆ రాత్రి నోన్నా చీజ్ తురిమే పలకని, మన కొబ్బరి కోరాం లాంటిదాన్ని, అలమరలో దాచేవారు. అది కనిపిస్తే అల్లరి పిల్లల కాళ్లు పెద్దలు దానితో గీకుతారట! ఆవిడ దాస్తుంటే పిల్లలు భయంగా, సంబరంగా చూసేవాళ్లు. తమకు తెలియని ముత్తాత పేరు ఆ ఇంట్లో పిల్లలకు ఎందుకంత బాగా గుర్తుంటుందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక వంట సంగతి. మైదా 400 గ్రాములు, బిస్కెట్ పొడి 100, కోకో పొడి 100, పంచదార 200, వెన్న 100. పూర్వం అక్కడ పంది కొవ్వు వేసేవారు, నోన్నా వెన్నే వాడేవారు. రెండు చెంచాల తేనె, మూడు చెంచాల నారింజ మార్మలేడ్ (తొక్కతో చేసే జామ్), దాల్చినచెక్క పొడి, నాలుగు లవంగాలు దంచి వేయాలి. గుడ్డు అక్కర్లేదు. పాలు 300 మిల్లీలీటర్లు చాలు, అదీ ఒకేసారి పోయకండి. పిండి గారెల పిండి కంటే కాస్త గట్టిగా రావాలి.

పొంగడానికి బేకరీ అమ్మోనియా, అంటే అమ్మోనియం బైకార్బొనేట్ పొడి, 10 గ్రాములు పాలలో కరిగించి కలపాలి. వేడికి అది అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా విడిపోతుంది. ఓవెన్ తలుపు తీయగానే వాసన ముక్కు అదరగొడుతుంది, కిటికీలు తెరిచి పెట్టండి. బిస్కెట్ పూర్తిగా కాలి చల్లారేసరికి ఆ వాసన పోతుంది. పచ్చిపిండి మాత్రం రుచి చూడకండి. తడి చేత్తో కోలగా అద్ది, 180 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు కాలిస్తే సరిపోతుంది. ఎక్కువసేపు ఉంచితే గట్టిపడి అసలు సుఖమే పోతుంది.

అసలు టెన్షన్ అంతా పూత దగ్గరే. మొదటిసారి మా వంటింట్లో నేనొక్కదాన్నే చేస్తున్నప్పుడు, కింద నీళ్లు మరిగే గిన్నె నుంచి ఆవిరి చుక్క ఒకటి చాక్లెట్‌లో పడింది. క్షణంలో నునుపంతా పోయి తడి ఇసుకలా బిగుసుకుంది. 400 గ్రాముల చాక్లెట్! ఏడుపొచ్చింది. నోన్నా దిగొచ్చి చూసి, అందులో వేడి పాలు పోసి పిల్లలకు తాగడానికి ఇచ్చేశారు. తర్వాత కొత్త చాక్లెట్ తీసి పక్కన కూర్చున్నారు. మూడింట రెండొంతులు కరిగించాలి, 45 డిగ్రీలు దాటించక్కర్లేదు. దించేసి, మిగిలిన వంతు తురిమి వేసి, 31, 32 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూనే ఉండాలి. అప్పుడు కోకో వెన్న సరైన పలుకులుగా పేరుకుంటుంది. ఆ మెరుపూ ఆ టప్పుమనే విరుపూ దానివల్లే. తొందరపడితే మర్నాటికి తెల్లటి చారలు వస్తాయి. బూజు అనుకుని పారేయకండి, పైకి తేలిన కోకో వెన్న అది.

నవంబరులో కటానియా వాతావరణం చల్లబడుతుంది కాబట్టి బల్ల మీదే పూత ఆరిపోతుంది. మన దగ్గర తెల్లవారుజామున చేసుకోండి, లేదా ఏసీ గదిలో. కాంపౌండ్ చాక్లెట్ అయితే ఈ తిప్పలేమీ ఉండవు. కానీ అందులో కోకో వెన్నకు బదులు వేరే కొవ్వు వేస్తారు, నోట్లో మైనంలా అంటుకుంటుంది. దయచేసి అసలు చాక్లెట్టే కొనండి. మన ఏలూరు, పశ్చిమ గోదావరి తోటల్లో కొబ్బరి, పామాయిల్ చెట్ల మధ్య కోకో పండుతోంది. ఆ గింజతో చేసిన మంచి చాక్లెట్ ఇప్పుడు హైదరాబాద్‌లోనే దొరుకుతోంది.

పిస్తా విషయంలో నోన్నా పట్టుదల ఇంకా ఎక్కువ. ఎట్నా పడమటి వాలులో బ్రోంతే అనే ఊరుంది. అక్కడి లావా నేలలో పండినదే కావాలనేవారు. అక్కడ రెండేళ్లకోసారే కోత కోస్తారు, అందుకే ఖరీదు. నేను మామూలు పిస్తాయే వాడాను.

మా నాన్న చనిపోయిన ఏడాది ఈ ఊరికి తిరిగొచ్చేశాం. నా చిన్నప్పుడు ఒకటో తారీఖు నాన్న బేకరీ నుంచి కాగితం పొట్లంలో విరిగిన బిస్కెట్లు తెచ్చేవారు. పూర్తి బిస్కెట్ల కంటే చవక. నూనె మరకల ఆ పొట్లం కోసం గుమ్మం దగ్గరే కాచుకుని ఉండేదాన్ని. అందుకని పెత్రమాసకు తర్పణాలయ్యాక, రాత్రి మా పిల్లల తలగడల పక్కన ఇవి పెట్టాను. పొద్దున్నే "ఎవరు తెచ్చారమ్మా?" అని అడిగితే, "తాతయ్య" అన్నాను. పొడి కోసం వాడినవి ఉస్మానియా బిస్కెట్లు, నాన్న తెచ్చే పొట్లంలో ఉండేవే. ఇందాక మీరు తిన్నదాంట్లోనూ ఉన్నాయి.