సముద్రం చూసిన మోటారు సాగర్‌కు వస్తే: 14 ఏళ్ళ ఔట్‌బోర్డ్ రివ్యూ

నమస్కారం. నల్లగొండ జిల్లాకు సముద్రమే లేదు, ఉప్పునీటి తుప్పు మీద వీడియో ఏమిటి అని మీరు అడిగేలోపే చెప్పేస్తాను. మన దగ్గరికి సముద్రం రాకపోయినా, సముద్రంలో తిరిగిన ఔట్‌బోర్డ్‌లు, అంటే పడవ వెనుక బయటివైపు బిగించే మోటార్లు, వస్తాయి. ఇదిగో, ఈ స్టాండుకు బిగించినది అలాంటిదే. 8 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, వయసు 14 ఏళ్ళు. బాపట్ల తీరంలో చేపల వేటకు తిరిగి తిరిగి, ఈ మధ్యే మా మేనమామ చేతికి వచ్చింది. ఆయన పడవ నేరేడుగొమ్ము మండలం వైజాగ్ కాలనీ దగ్గర, నాగార్జునసాగర్ వెనుక జలాల్లో ఉంటుంది. మోటారు కంపెనీ పేరు చెప్పను. ఈ జబ్బు అన్ని కంపెనీలకూ ఒకటే.

కొత్తదాని ధరలో మూడో వంతుకే దొరికిందని మామ మురిసిపోయాడు. పైన నిగనిగలాడే రంగు, కొత్త స్టిక్కర్లు. "మామా, ఇంత పాత మోటారుకు ఊరికే ఎవరూ రంగు వేయరు" అన్నాను. "నీకన్నీ అనుమానాలేరా" అన్నాడు. పై మూత తీశాక ఇద్దరమూ కాసేపు మాట్లాడలేదు.

కెమెరా దగ్గరికి తెస్తాను, చూడండి. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుందని అందరికీ తెలుసు. అల్యూమినియం తుప్పు ఇలా తెల్లగా, విభూతిలా ఉంటుంది. రంగు కింద చిన్న పొక్కులా మొదలవుతుంది. గోటితో గీకితే పొడి రాలి, కింద గుంట కనబడుతుంది. ఈ తీగల చివర పచ్చగా కనబడుతున్నది చిలుము. పాత రాగి చెంబు మీద చూసే ఉంటారు. మోటారు ఒళ్ళు అల్యూమినియం, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అందులో విద్యుత్తు బాగా పారుతుంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్ళు ఉంటే అది బ్యాటరీయే. ఆ బ్యాటరీలో కరిగిపోయేది ఎప్పుడూ అల్యూమినియమే.

మామ వాదన ఏమిటంటే, ఇక మంచినీళ్ళలోనే కదా తిరిగేది, ఉప్పు తనంతట తానే కడుక్కుపోతుంది అని. కొంత నిజమే, వేగం తగ్గుతుంది. కానీ నీళ్ళు పారని చోట్ల, బోల్టు మరల సందుల్లో, మోటారును చల్లబరిచే నీటిని అదుపు చేసే థర్మోస్టాట్ వెనుక, గ్యాస్కెట్ల అంచుల్లో ఉప్పు గడ్డకట్టి కూర్చుంటుంది. తేమ తగిలిన ప్రతిసారీ మళ్ళీ పని మొదలుపెడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యానుకు, అంటే నీళ్ళలో తిరిగి పడవను నెట్టే ప్రొపెల్లర్‌కు, పైన ఈ చిన్న లోహపు దిమ్మను చూడండి. దీన్ని ఆనోడ్ అంటారు. కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ లాంటిది, వచ్చే చెడు అంతా తన మీద వేసుకోవాలి. మోటారుకు బదులు తాను అరిగిపోవడమే దీని ఉద్యోగం. అమ్మినవాళ్ళు దీని మీద కూడా రంగు పూసేశారు! దిష్టిబొమ్మను బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. నీరు తగలకపోతే అది చేసేదేమీ ఉండదు. పైగా ఇది జింకు దిమ్మ. సముద్రంలో జింకు బాగా పనిచేస్తుంది. మంచినీళ్ళలో కొంతకాలానికి దాని మీద గట్టి పొర కట్టి, బొమ్మలా ఉండిపోతుంది. సాగర్ లాంటి నీళ్ళకు మెగ్నీషియం ఆనోడ్ వేయాలి. తీరం నుంచి మోటారు తెచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. రేపు ఈ మోటారును మళ్ళీ సముద్రానికి అమ్మితే మెగ్నీషియం తీసేయాలి, అక్కడ అది చాలా తొందరగా కరిగిపోతుంది. ఏ ఆనోడ్ అయినా సగం అరిగిందంటే మార్చేయండి. దిమ్మ పెట్టే చోట రంగు గీకి, లోహానికి లోహం తగిలేలా బిగించండి.

బోల్టుల దగ్గర నేను చేసిన తప్పు కూడా చెబుతాను. కింది గేర్ భాగాన్ని విప్పాలి. మొదటి బోల్టు రాలేదు. కోపం వచ్చింది, పానాకు పైపు తగిలించి బలంగా తిప్పాను. తల విరిగి చేతిలోకి వచ్చింది, మిగతాది లోపలే ఉండిపోయింది. దేవరకొండలో లేత్ పనివారి దగ్గర డ్రిల్లు వేయించి, కొత్త మర కోయించాల్సి వచ్చింది. రెండో బోల్టుకు బుద్ధి వచ్చింది. తుప్పు వదిలించే నూనె రాత్రంతా నానబెట్టి, పెట్రోలు ట్యాంకు దూరంగా పెట్టి, బోల్టు చుట్టూ అల్యూమినియాన్ని గ్యాస్ మంటతో వేడి చేశాను. అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. తరువాత కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, మళ్ళీ బిగించి, మళ్ళీ వదులు చేసి. పావుగంట పట్టింది, వచ్చింది. తిరిగి బిగించేటప్పుడు మరలు పట్టేయకుండా యాంటీ సీజ్ పేస్టు రాశాను. ఆ పేస్టు లేకుండా బిగిస్తే వచ్చే ఏడాది ఇదే వీడియో మళ్ళీ తీయాలి.

లోపల ఇంపెల్లర్, అంటే మోటారు చల్లబడటానికి నీళ్ళు తోడే చక్రం, దాని రబ్బరు రెక్కలు గట్టిపడి ఒక పక్కకు వంగిపోయి ఉన్నాయి. మార్చేశాను. నీటి దారుల్లో పేరుకున్న తెల్లని పెచ్చును తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి కరిగించాను. వెనిగర్ ఎక్కువసేపు వదిలేస్తే అల్యూమినియాన్నీ తింటుంది, వెంటనే కడగాలి. తరువాత డ్రమ్ము నిండా నీళ్ళు పోసి, మోటారు కాలు ముంచి పదిహేను నిమిషాలు నడిపాను. నీళ్ళు లేకుండా మాత్రం ఒక్క నిమిషం కూడా నడపకండి, కొత్త ఇంపెల్లర్ కాలిపోతుంది.

డ్రమ్ములో ఏ నీళ్ళు పోశానో కూడా చెప్పాలి. బోరు నీళ్ళు కాదు. మన జిల్లా బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల పళ్ళనూ ఎముకలనూ ఏం చేసిందో వేరే చెప్పనక్కరలేదు. మోటారుకు ఫ్లోరైడ్‌తో గొడవ లేదు గానీ, ఆ నీళ్ళ గట్టితనంతో ఉంది. టీ గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది నీటి దారుల్లోనూ పేరుకుంటుంది. ఉప్పు తీసి సున్నం పెట్టినట్టవుతుంది. రిజర్వాయరు నీళ్ళే తెచ్చి పోశాను.

గేర్ ఆయిల్ కింది స్క్రూ తీస్తే పాలు కలిపిన టీ రంగులో కారింది. లోపలికి నీళ్ళు పోయాయన్నమాట. ఫ్యాను తీసి చూస్తే వెనుక నైలాన్ దారం చుట్టలు చుట్టుకుని, సీలును కోసేసి ఉంది. వల వేసే ప్రతివాళ్ళూ నెలకొకసారి ఫ్యాను విప్పి చూసుకోండి. పెట్రోలు సంగతి కూడా ఒక్క మాట. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది తేమను లాక్కుంటుంది. వారం రోజులు పడవ కదలదంటే కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టండి.

ఇంతకీ మోటారు ఎలా ఉంది? నాలుగు నెలలుగా నడుస్తోంది. రెండో లాగుకు స్టార్ట్ అవుతుంది, పక్కనుంచి నీటి ధార గట్టిగా కొడుతుంది. అయితే కొన్న ధరలో సగం మళ్ళీ మరమ్మతులకు పోయింది. అంటే కొత్తదాని ధరలో సగానికి వచ్చి కూర్చుంది, నా కూలి లెక్కలో వేయకుండానే. అదీగాక సాగర్ నీళ్ళు నిండు మట్టం 590 అడుగుల నుంచి దిగేకొద్దీ ఒడ్డున రాళ్ళు తేలుతాయి. రాయి తగిలి రంగు లేచినచోట అల్యూమినియం మళ్ళీ బయటపడుతుంది. ఆ మచ్చలను గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, రంగు వేస్తూనే ఉండాలి.

నన్నడిగితే ఈ ధరకు నేను కొనను. కొనాలనుకుంటే మాత్రం ముందు గేర్ ఆయిల్ నాలుగు చుక్కలు తీయించి రంగు చూడండి. రెండు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించండి, తేడా పది శాతం దాటితే వదిలేయండి. కింది భాగంలో ఒక్క బోల్టు మీ కళ్ళ ముందే విప్పమని అడగండి. విప్పడానికి ఒప్పుకోని మోటారును మాత్రం ఇంటికి తేకండి.

ఇదిగో, పడవకు బిగించే ఈ బ్రాకెట్ బోల్టు ఇంకా రాలేదు. పదిహేను రోజులుగా రోజూ నూనె చుక్క వేస్తున్నాను. మామ సుత్తి కోసం వెతుకుతున్నాడు. దాన్ని నేను దాచేశాను.