కొళాయి దగ్గర ఏం చూడాలి?

(కర్నూలులో మానవశాస్త్ర విద్యార్థుల కోసం ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న ఊరు మనది. 2009 అక్టోబరులో ఆ నీళ్లే ఇళ్లు ముంచాయి. అయినా ఎండాకాలం వస్తే వీధి కొళాయి దగ్గర బిందెల వరుస తప్పదు. ఊళ్లో ఎవరికెంత దక్కుతోందో తెలియాలంటే ఆ వరుస దగ్గర మొదలుపెట్టండి.

ఫారం పట్టుకుని "నీళ్లొస్తాయా?" అని అడిగితే వీధి మొదటివాళ్లూ, చివరివాళ్లూ "వస్తాయి" అనే అంటారు. అందుకే వాచీ చూడండి. 15 లీటర్ల బిందె మొదట్లో 40 సెకన్లకు నిండి, చివర్న 3 నిమిషాలు పట్టిందనుకుందాం. చివర్న నిమిషానికి 5 లీటర్లే. గంట వదిలితే 20 బిందెలు. ఆ కొళాయికి 20 ఇళ్లుంటే ఇంటికొక్కటి. డ్రైనేజీ ఉన్న నగరాలకు ప్రమాణమేమో తలకు రోజుకు 135 లీటర్లు! కారణం కోసం లైను వెంబడి నడవండి: మెరక, పాత పైపు, లైనుకే తగిలించిన మోటార్లు.

ఇంతవరకు ఇంజనీరూ చేస్తాడు. మన పని వరుసతో. ఖాళీ బిందె పెట్టి పోయినా ఎవరి వంతు నిలుస్తుంది? ఎవరిది పక్కకు జరుగుతుంది? ఎవరు రెండోది పెట్టినా నోరెత్తరు? పొద్దున్నే బేల్దారి పనికి అడ్డాకు పోయే ఆమెకు నీళ్లెవరు పడతారు, బదులుగా ఆమె ఏం చేసిపెడుతుంది? కులం, అద్దె, అప్పు అన్నీ అక్కడే బయటపడతాయి.

1930ల చివర్లో బోస్టన్‌లోని ఇటాలియన్ల పేటలోనే ఉండి, అక్కడి జీవితాన్ని అధ్యయనం చేసిన సమాజశాస్త్రవేత్త విలియం ఫుట్ వైట్‌కు అక్కడి మనిషే చెప్పాడు: ప్రశ్నలు తగ్గించు, మాతో తిరుగు, జవాబులు వాటంతటవే వస్తాయని. కాబట్టి మొదటి వారం నోటుబుక్కు తీయకండి. తీస్తే మున్సిపాలిటీ నుంచో, పింఛన్ల సర్వేకో వచ్చారనుకుంటారు. ఉన్నది దాచి, లేనిది చెబుతారు. తప్పు వాళ్లది కాదు. గుర్తుకు నాలుగు ముక్కలు రాసుకుని, ఆ రాత్రే పూర్తిగా రాయండి. మర్నాటికి సగం పోతుంది. చూసింది ఒక పక్క, మీకు తోచింది ఇంకో పక్క. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉండాలి.

పది గంటలకు పోయి పెద్దమనిషితో మాట్లాడి రావడం చాలామంది చేసే పొరపాటు. అప్పటికి కూలికి పోయేవాళ్లు వీధిలో ఉండరు.

పేర్లు మారిస్తే చాలదు. "కొళాయి పక్క టైలరు" అంటే వీధంతా గుర్తుపడుతుంది. అనుమతి లేని కనెక్షన్ గురించి రాసిన కాగితం అధికారి చేతిలో పడితే ఆ ఇంటి పైపు కోసేస్తారు. ఇళ్లకు అంకెలే వేయండి. ఏ అంకె ఎవరిదో రాసిన చీటీ పుస్తకంలో పెట్టకండి.